స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌కు మారుతున్న వ్యాపార సంస్థలు లైసెన్సుల విషయంలో చేసుకోవలసిన ఏర్పాట్లు

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11కు పనికిరాని పాత కంప్యూటర్లు ఎనుమాముల మార్కెట్ యార్డు చుట్టూ ఉన్న అడ్తి దుకాణాల్లోను, హన్మకొండ నర్సింగ్ హోముల్లోను, కాజీపేట డీటీపీ కేంద్రాల్లోను, కరీంనగర్ గ్రానైట్ వ్యాపారుల కార్యాలయాల్లోను ఇంకా పనిచేస్తూనే ఉన్నాయి కాబట్టి, వాటిని పారవేయడం కంటే విండోస్ బదులు లినక్స్, ఎంఎస్ ఆఫీసు బదులు లిబ్రెఆఫీస్ వేసుకొని మరికొన్నేళ్లు వాడుకుందామన్న ఆలోచన చాలామందికి సహజంగానే వస్తుంది. అప్పుడు యజమాని ప్రింటరు పనిచేస్తుందా, లెక్కలు రాసే టాలీ తెరుచుకుంటుందా అని అడుగుతాడు గాని, లైసెన్సుల సంగతి ఏమిటని అడగడం అరుదు. డబ్బు కట్టనక్కరలేని సాఫ్ట్‌వేర్‌కు కాగితాలెందుకన్నది అందరి ధీమా.

ఆ ధీమాలో సగం నిజముంది. ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, పంచుకోవచ్చు అని లైసెన్సే చెప్పే ఇలాంటి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌ను సొంత కార్యాలయంలో ఎన్ని కంప్యూటర్లలో వేసుకున్నా, ఎంతమంది వాడుకున్నా ఎవరూ అడగరు. చిక్కులు వేరేచోట ఉంటాయి. మారిన తర్వాత కూడా మిగిలిపోయే పాత సాఫ్ట్‌వేర్‌లో, స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కాకపోయినా ఉచితంగా దొరికే వాటిలో, ఫాంట్లలో, చట్టం కోరే లెక్కల పుస్తకాల్లో, మరొకరికి తయారుచేసి ఇచ్చే ప్రోగ్రాముల్లో అవి దాగి ఉంటాయి.

మార్పుకు ముందు చేయవలసిన లెక్క

మొదట ఒక రిజిస్టరు తెరవాలి. లిబ్రెఆఫీస్ కాల్క్‌లో ఒక షీటు సరిపోతుంది. ప్రతి కంప్యూటరుకు ఒక వరుస చొప్పున అందులో ఏ సాఫ్ట్‌వేర్ ఉంది, ఏ వెర్షను, అది ఎలా వచ్చింది, బిల్లు ఉందా లేదా, ఏ లైసెన్సు కింద ఉంది, ఎవరు వాడుతున్నారు అన్న వివరాలు రాయాలి. “ఎలా వచ్చింది” అన్న గడిలోనే అసలు నిజాలు బయటపడతాయి. కంప్యూటరుతోపాటు వచ్చిన విండోస్, బిల్లుతో కొన్న టాలీ, డౌన్‌లోడ్ చేసుకున్న ప్రోగ్రాము, కంప్యూటరు బాగుచేసిన అబ్బాయి వేసి ఇచ్చిన ఆఫీసు ప్యాకేజీ అని విడివిడిగా రాయాలి తప్ప, అన్నిటినీ ఒకే గాటన కట్టకూడదు.

చట్టం సంగతి తెలిస్తే ఈ పనికి ఎందుకింత ప్రాధాన్యమో అర్థమవుతుంది. 1957 నాటి కాపీరైటు చట్టం కంప్యూటరు ప్రోగ్రామును సాహిత్య రచనగానే లెక్కిస్తుంది. అక్రమ ప్రతి అని తెలిసి కూడా దానిని కంప్యూటరులో వాడిన వారికి 63బి సెక్షను కింద 7 రోజులకు తగ్గకుండా 3 సంవత్సరాల వరకు జైలు, 50 వేల రూపాయలకు తగ్గకుండా 2 లక్షల వరకు జరిమానా పడవచ్చు. వ్యాపారంలో గాని, లాభం కోసం గాని వాడలేదని తేలితే కోర్టు జైలుశిక్ష లేకుండా వదలవచ్చన్న వెసులుబాటు ఆ సెక్షనులోనే ఉంది. దుకాణంలో బిల్లులు కొట్టే కంప్యూటరుకు మాత్రం ఆ వెసులుబాటు వర్తించడం కష్టం. తెలిసి వాడలేదని వాదించాలన్నా, బిల్లు లేని సరుకును కొట్టులో ఎన్నడూ పెట్టని వ్యాపారి సాఫ్ట్‌వేర్ విషయంలో మాత్రం బిల్లు అడగలేదంటే వినేవారికి నమ్మకం కలగదు.

లినక్స్ వేసినంత మాత్రాన పాత వాడకం లేకుండా పోదు. అయినా ఆ రోజు నుంచి అక్రమ ప్రతి వాడుకలో లేదని చూపగలగడం పెద్ద మేలు. అందుకే ఏ కంప్యూటరులో ఏది ఏ తేదీన తీసివేశారో రిజిస్టరులో రాసి, బాధ్యుడి సంతకం పెట్టించాలి. సక్రమంగా కొన్న వాటి బిల్లులను, కంప్యూటరు మీది విండోస్ స్టిక్కరును పారవేయవద్దు. యంత్రంతోపాటు వచ్చే విండోస్ లైసెన్సు మామూలుగా ఆ యంత్రానికే కట్టుబడి ఉంటుంది కాబట్టి, రేపు ఆ కంప్యూటరును అమ్మినప్పుడు కొన్నవారికి ఆ స్టిక్కరు పనికివస్తుంది.

ఒక్కసారిగా అంతా మారే సంస్థలు తక్కువ. లినక్స్ లోపల విండోస్ ప్రోగ్రాములను నడిపించే వైన్ ద్వారా టాలీ నడిపినా టాలీ లైసెన్సు కావాలి. వర్చువల్ యంత్రంలో (కంప్యూటరు లోపలే మరో కంప్యూటరులా నడిచే ఏర్పాటులో) విండోస్ పెట్టుకుంటే దానికి చెల్లే లైసెన్సు కావాలి. కార్యాలయంలో విండోస్ సర్వరు మిగిలి ఉంటే, దానిని అందుకునే లినక్స్ కంప్యూటర్లకు కూడా వాడకందారు లైసెన్సులు తీసుకోవలసిందే. సర్వరునే, ఫైళ్లు పంచే ఆ పని చేసే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ అయిన సాంబాకు మార్చుకుంటే ఆ లెక్క పోతుంది. కాబట్టి డబ్బు ఆదా కావాలనుకునేవారు చాలా సందర్భాల్లో బల్లల మీది కంప్యూటర్ల కంటే ముందు సర్వరును మార్చుకోవడం మేలు.

ఉచితంగా దొరికేదంతా స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కాదు

స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌కు మారిన సంస్థలు ఎక్కువగా దొరికిపోయేది ఇక్కడే. దూరం నుంచి కంప్యూటరును నడిపించే ఎనీడెస్క్, టీమ్‌వ్యూయర్ వ్యక్తిగత వాడకానికి ఉచితమే గాని, దుకాణం నుంచి గిడ్డంగి కంప్యూటరును నడపడానికి డబ్బు కట్టాలి. వర్చువల్ యంత్రాలను నడిపే వర్చువల్‌బాక్స్ మూల ప్యాకేజీ జీపీఎల్ అనే స్వేచ్ఛా లైసెన్సు కింద వస్తుంది, కాని దానితోపాటు చాలామంది ఆలోచించకుండా వేసుకునే ఎక్స్‌టెన్షన్ ప్యాకుకు వేరే లైసెన్సు ఉంది. వ్యక్తిగతంగాను, చదువు కోసమూ, పరీక్షించి చూడడానికీ అది ఉచితం. కార్యాలయంలో రోజువారీ పనికి కాదు. ఒరాకిల్ జావా విషయంలో వెర్షనును బట్టి షరతులు మారుతూ వచ్చాయి. 2023 జనవరి నుంచి ఆ సంస్థ తన జావా చందాను సంస్థలోని మొత్తం ఉద్యోగుల సంఖ్యను బట్టి లెక్కగడుతోంది, జావా వాడేవారు ఇద్దరే అయినా సరే. పోర్టళ్ల కోసమో డిజిటల్ సంతకం కోసమో జావా అవసరమైనవారు దాని స్వేచ్ఛా రూపమైన ఓపెన్‌జేడీకే వేసుకుంటే ఈ బెడద ఉండదు. ఫైళ్లను కుదించడానికి విన్‌రార్ బదులు 7-జిప్ వాడుకోవచ్చు.

కాబట్టి రిజిస్టరులో “ఉచితం” అన్న మాట రాయడం మానేసి, లైసెన్సు పేరు మాత్రమే రాయాలన్న నియమం పెట్టుకోవాలి. పేరు తెలియకపోతే ఆ గడి ఖాళీగా ఉంచాలి, గడి నిండేదాకా ఆ ప్రోగ్రామును వేయకూడదు. పేర్లు తెలిస్తే వర్గీకరణ సులభం. ఎంఐటీ, బీఎస్‌డీ, అపాచీ 2.0 లైసెన్సులు దాదాపు ఏమీ అడగవు. పంపిణీ చేసేటప్పుడు కాపీరైటు ప్రకటనను, లైసెన్సు పాఠాన్ని వెంట ఉంచమంటాయి. జీపీఎల్ కుటుంబం, ఎంపీఎల్ వంటివి పంపిణీ చేసినప్పుడు సోర్సు కోడును (ప్రోగ్రామరు రాసిన మూలపాఠాన్ని) కూడా ఇవ్వమంటాయి, ఎంత భాగానికి అన్నదానిలో తేడాలున్నాయి. లిబ్రెఆఫీస్ ఎంపీఎల్ 2.0 కింద, లినక్స్ కెర్నల్ (దాని మూలభాగం) జీపీఎల్ రెండవ వెర్షను కింద వస్తాయి.

వాడుకోవడం వేరు, పంపిణీ చేయడం వేరు

జీపీఎల్ అనగానే మన సంస్థ రహస్యాలన్నీ బయటపెట్టాలేమోనని భయపడేవారున్నారు. ఆ భయం అనవసరం. హన్మకొండలోని ఒక ఆసుపత్రి జీపీఎల్ ప్రోగ్రామును తన అవసరానికి తగినట్లు మార్పించుకొని తన కంప్యూటర్లలోనే వాడుకుంటే ఎవరికీ ఏమీ ఇవ్వనక్కరలేదు. అదే సంస్థకు చెందిన జనగామ శాఖలో వేసుకున్నా అంతే. విడిగా రిజిస్టరైన సోదర సంస్థకు ఇచ్చినప్పుడు మాత్రం దానిని పంపిణీగా భావించి సోర్సు కోడును కూడా జతచేయడం క్షేమం.

మడికొండ ఐటీ పార్కులోని ఒక చిన్న సంస్థ మిర్చి అడ్తిదారుల కోసం జీపీఎల్ కోడు కలిపి బిల్లింగ్ ప్రోగ్రాము తయారుచేసి, పెన్‌డ్రైవులో పెట్టి అమ్మిందనుకోండి. కొన్న అడ్తిదారుకు ఆ ప్రోగ్రాము సోర్సు కోడును పొందే హక్కు, దానిని మార్చుకునే హక్కు, మరొకరికి ఇచ్చే హక్కు వస్తాయి. ఎంత ధరకైనా అమ్ముకోవచ్చు, దానికి జీపీఎల్ అడ్డు చెప్పదు. కొన్నవాడు మరొకరికి ఇవ్వరాదన్న షరతును మాత్రం బిల్లు వెనుక అచ్చు వేయకూడదు. అదే ప్రోగ్రామును పెన్‌డ్రైవులో ఇవ్వకుండా తన సర్వరులో ఉంచి, అడ్తిదారులు బ్రౌజరులో తెరిచేలా ఏర్పాటు చేస్తే జీపీఎల్ కింద పంపిణీ జరిగినట్లు కాదు. అయితే కలిపిన కోడు జీపీఎల్ కుటుంబంలోనిదే అయిన ఏజీపీఎల్ మూడవ వెర్షను కింద ఉండి, దానిని మార్చి ఉంటే మాత్రం, ఆ లైసెన్సు 13వ సెక్షను ప్రకారం నెట్‌వర్కు ద్వారా వాడేవారికి కూడా సోర్సు కోడును అందుబాటులో ఉంచాలి. సర్వరు మీద నడిచే సరుకు తయారుచేసేవారు ఏజీపీఎల్ పేరు కనిపించిన ప్రతిచోటా ఆగి చూడాలన్నది ఇందుకే.

పంపిణీదారులమని తమకే తెలియని వారు మరికొందరున్నారు. కంప్యూటర్లు అసెంబుల్ చేసి, లినక్స్ రకాల్లో ఒకటైన ఉబుంటు వేసి అమ్మే దుకాణదారు సాఫ్ట్‌వేర్‌ను పంపిణీ చేస్తున్నట్లే. వే బ్రిడ్జి ఇండికేటరులోనో కెమెరా రికార్డరులోనో లినక్స్ పెట్టి తన బ్రాండు పేరుతో అమ్మే వ్యాపారీ అంతే. జీపీఎల్ రెండవ వెర్షను ప్రకారం అమ్మేటప్పుడే సోర్సు కోడును జతచేయాలి, లేదా అడిగిన ఎవరికైనా ఇస్తామని కనీసం 3 సంవత్సరాలు చెల్లే లిఖిత హామీ ఇవ్వాలి. ఆ సమయంలోని సోర్సు ప్యాకేజీలను దించి ఒక హార్డ్ డిస్కులో భద్రపరచుకుంటే పని తేలికవుతుంది. సరఫరాదారు దగ్గర ఉంటుందిలే అనుకొని వదిలేస్తే, అతడు దుకాణం మూసిన నాడు హామీ నిలుపుకోవలసింది మనమే. ఇది ఊరకే చెప్పే జాగ్రత్త కాదు. సిస్కోకు చెందిన లింక్‌సిస్ రూటర్లలోని జీపీఎల్ కోడు గురించి 2003లో మొదలైన వివాదం చివరకు సిస్కో మీద జీపీఎల్‌ను రూపొందించిన ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ 2008 డిసెంబరులో దావా వేసేదాకా వెళ్లింది, 2009లో రాజీతో ముగిసింది.

పొరపాటు జరిగితే ఏమవుతుందన్నది లైసెన్సు వెర్షనును బట్టి ఉంటుంది. రెండవ వెర్షనులో ఉల్లంఘించిన క్షణమే హక్కులు రద్దవుతాయి. 2007లో వచ్చిన మూడవ వెర్షను కొంత మెత్తనిది. మొదటిసారి నోటీసు అందుకున్న సంస్థ 30 రోజుల్లోగా సరిదిద్దుకుంటే హక్కులు శాశ్వతంగా తిరిగివస్తాయి. కనుక ఇలాంటి ఉత్తరమో ఈమెయిలో వస్తే పక్కన పడేయకుండా, వచ్చిన తేదీని రాసి, ఆ రోజే సంబంధిత వ్యక్తికి చేర్చాలి.

ప్రోగ్రాము రాసినవాడు ఎవరు?

కళాశాలలో చదువుతున్న కుర్రాడితో ప్రోగ్రాము రాయించుకోవడం మన దగ్గర మామూలే, అందులో తప్పేమీ లేదు. అయితే కాపీరైటు చట్టం 17వ సెక్షను ప్రకారం జీతం మీద పనిచేసే ఉద్యోగి రాసినది యజమానికి చెందుతుంది గాని, బయటి నుంచి వచ్చి రాసి ఇచ్చిన వ్యక్తి రాసినది, వేరే ఒప్పందం లేకపోతే, అతడిదే. డబ్బు ఇచ్చాం కదా అన్నది చాలదు, హక్కుల బదిలీ లిఖితపూర్వకంగా, సంతకంతో జరగాలి. ఆ పత్రంలో గడువు రాయకపోతే 19వ సెక్షను దానిని 5 సంవత్సరాలుగా, ప్రాంతం రాయకపోతే భారతదేశానికి మాత్రమే పరిమితమైనదిగా భావిస్తుంది. అందుకే గడువు, ప్రాంతం, వాడిన స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ భాగాల జాబితా, వాటి లైసెన్సులు ఆ పత్రంలోనే ఉండాలి. జాబితా ఇవ్వనిదే చివరి వాయిదా డబ్బు చెల్లించకపోవడం మంచి పద్ధతి. ఇచ్చిన జాబితా నిజమో కాదో చూసుకోవడానికి ఫాసాలజీ, స్కాన్‌కోడ్ వంటి స్వేచ్ఛా పరికరాలున్నాయి, కోడును చదివి లైసెన్సు ప్రకటనలను అవి వెలికితీస్తాయి.

లెక్కల పుస్తకాలు

తొందరపాటు పనికిరానిది ఈ విషయంలోనే. కంపెనీల అకౌంట్ల నియమాలు, 2014లోని 3వ నియమం ప్రకారం, 2023 ఏప్రిల్ 1 నుంచి కంపెనీలు వాడే అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ ప్రతి లావాదేవీ జాడను, ప్రతి మార్పునూ దాని తేదీతో నమోదు చేయాలి, ఆ ఏర్పాటును ఆపివేయడానికి వీలు ఉండకూడదు. ఎలక్ట్రానిక్ రూపంలోని లెక్కల బ్యాకప్పును భారతదేశంలో ఉన్న సర్వరులో ప్రతిరోజూ ఉంచాలి. ఇవి సక్రమంగా ఉన్నాయో లేదో ఆడిటరు తన నివేదికలో చెప్పాలి. సొంత దుకాణాలకు, భాగస్వామ్య సంస్థలకు ఈ నియమం వర్తించదు. ప్రైవేటు లిమిటెడ్‌గా రిజిస్టరైన రైస్ మిల్లుకు వర్తిస్తుంది.

లెక్కలు రాసే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌లో గ్నూక్యాష్ మంచి ప్రోగ్రామే, సొంత దుకాణానికి చక్కగా సరిపోతుంది. రాసిన పద్దును తర్వాత ఎవరైనా తెరిచి మార్చుకునే వీలు అందులో ఉంది కాబట్టి కంపెనీ లెక్కలకు దానిని ఎంచుకోకపోవడం మంచిది. ముంబయికి చెందిన ఫ్రాపే సంస్థ జీపీఎల్ మూడవ వెర్షను కింద ఇస్తున్న వ్యాపార నిర్వహణ సాఫ్ట్‌వేర్ ఈఆర్‌పీనెక్స్ట్ వంటి వాటిలో మార్పుల నమోదు ఉంది. కాని ఇక్కడ ఒక చిక్కు ఉంది, దీని గురించి అమ్మేవారు మాట్లాడరు. సోర్సు కోడు, డేటాబేసు రెండూ చేతిలో ఉన్న సంస్థ ఆ నమోదును తానే తీసివేయగలదు. ఆపివేయడానికి వీలు ఉండకూడదని నియమం అంటుంది, మార్చుకునే స్వేచ్ఛ ఉందని లైసెన్సు అంటుంది. రెండింటికీ పొత్తు కుదిరేది సాఫ్ట్‌వేర్‌లో కాదు, అధికారాల పంపకంలో. సర్వరు అడ్మిన్ సంకేతపదం లెక్కలు రాసే గుమాస్తా దగ్గర గాని, యజమాని దగ్గర గాని కాకుండా నిర్వహణ చూసే మూడో వ్యక్తి దగ్గర ఉండాలి. డేటాబేసు స్థాయిలోనూ లాగు (జరిగిన పనుల చిట్టా) నడవాలి, అది వేరే యంత్రానికి చేరుతూ ఉండాలి. కోడులో చేసిన ప్రతి మార్పుకు తేదీ, కారణం రాతలో ఉండాలి. ఈ ఏర్పాటునంతా ఒక పేజీలో రాసి, మారకముందే ఆడిటరుకు చూపించి ఆయన అభ్యంతరాలేమిటో తెలుసుకోవాలి. మారిన తర్వాత చూపిస్తే ఆయన చేయగలిగేది నివేదికలో రాయడమే.

మారే తేదీ ఏప్రిల్ 1 అయితే రెండు సాఫ్ట్‌వేర్ల మధ్య సంవత్సరం చీలిపోదు. పాత లెక్కలను మాత్రం వదిలేయరాదు. జీఎస్టీ చట్టం ప్రకారం ఆ సంవత్సరపు వార్షిక రిటర్నుకు గడువు తేదీ నుంచి 72 నెలలు రికార్డులు ఉంచాలి. కాబట్టి పాత టాలీ డేటాను తెరవగల లైసెన్సు ఉన్న కంప్యూటరునొకదాన్ని అప్పటిదాకా ఉంచుకోవాలి, దానితోపాటు లెడ్జర్లను, డేబుక్కును పీడీఎఫ్‌గా తీసిపెట్టుకోవాలి. జీఎస్టీ ఆఫ్‌లైన్ పరికరాల్లో ఎక్సెల్ మాక్రోలతో నడిచేవి లిబ్రెఆఫీస్‌లో సరిగా నడవవు. ఆ ఒక్క కంప్యూటరులో లైసెన్సు ఉన్న ఎక్సెల్ కూడా ఉంచుకోవడం, లేదా అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ నుంచి నేరుగా జేసన్ ఫైలు తీసి పోర్టలులో ఎక్కించడం ఈ రెండింటిలో ఒకటి ముందే తేల్చుకోవాలి. వార్షిక టర్నోవరు 5 కోట్లు దాటిన సంస్థలకు 2023 ఆగస్టు 1 నుంచి ఈ-ఇన్వాయిస్ తప్పనిసరి కనుక, కొత్త సాఫ్ట్‌వేర్ దానిని తయారుచేయగలదో లేదో నిజమైన బిల్లుతో పరీక్షించి చూడాలి. డిజిటల్ సంతకపు టోకెనుకు లినక్స్ డ్రైవరు ఉందో లేదో కూడా అప్పుడే చూసుకోవాలి.

ఫాంట్లు

డీటీపీ కేంద్రాలు, ప్రింటింగ్ ప్రెస్సులు, ఫ్లెక్సీ దుకాణాలవారు ఈ భాగాన్ని వదలకుండా చదవాలి. విండోస్‌లోని గౌతమి, నిర్మలా ఫాంట్ల ఫైళ్లను లినక్స్‌లోకి కాపీ చేసుకోవడం అలవాటుగా జరిగిపోతోంది. అవి విండోస్ లైసెన్సులో భాగం, విండోస్ తీసివేసిన కంప్యూటరులో వాటిని వాడే హక్కు మనకు ఉండదు. అను ఫాంట్లు కూడా కొని వాడవలసినవే. వాటిలో కూర్చిన పాత ఫైళ్లు యూనికోడు కావు కాబట్టి వాటిని మార్చుకునే పనికి విడిగా సమయం కేటాయించాలి.

ప్రత్యామ్నాయాలకు కొరత లేదు. మండలి, రామభద్ర, సురన్న, గిడుగు, గురజాడ, ధూర్జటి వంటి తెలుగు ఫాంట్లు ఫాంట్ల కోసమే ఉన్న స్వేచ్ఛా లైసెన్సు అయిన ఎస్‌ఐఎల్ ఓపెన్ ఫాంట్ లైసెన్సు కింద ఉన్నాయి. పెళ్లిపత్రికలో, కరపత్రంలో, ఫ్లెక్సీలో, పీడీఎఫ్‌లో వాటిని డబ్బు తీసుకొని చేసే పనికి నిరభ్యంతరంగా వాడుకోవచ్చు. ఫాంటును మాత్రమే విడిగా అమ్మకూడదు. మార్చిన ఫాంటుకు దాని కర్త కేటాయించుకున్న పేరు పెట్టకూడదు. బయటి నుంచి వచ్చే వర్డు ఫైళ్లు చెదరకుండా ఉండాలంటే క్యాలిబ్రీ బదులు కార్లిటో, కేంబ్రియా బదులు క్యాలడియా, ఏరియల్, టైమ్స్ న్యూ రోమన్ బదులు లిబరేషన్ ఫాంట్లు వేసుకుంటే వరుసల కొలతలు అలాగే నిలుస్తాయి.

బాధ్యత ఎవరిది

దాదాపు అన్ని స్వేచ్ఛా లైసెన్సులూ ఏ హామీ ఇవ్వబోమని స్పష్టంగా రాస్తాయి. కాబట్టి ఏదైనా ఆగిపోతే ఎవరిని అడగాలన్నది నిర్వహణ ఒప్పందంలో మనమే రాసుకోవాలి. ఎన్ని గంటల్లో వస్తారు, భద్రతా నవీకరణలు ఎవరు వేస్తారు, సంకేతపదాలు ఎవరి దగ్గర ఉంటాయి అన్నవి నోటిమాటగా వదలరాదు. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం సైబర్ దాడులను గమనించిన 6 గంటల్లోగా తెలియజేయాలి, లాగులను 180 రోజులు ఉంచాలి. ఆ బాధ్యత సాఫ్ట్‌వేర్ స్వేచ్ఛదైనా కాకపోయినా ఒకటే. విదేశీ సంస్థ నుంచి మద్దతు చందా తీసుకుంటే రివర్స్ చార్జి కింద జీఎస్టీ మనమే కట్టాలన్నది కూడా బిల్లు వచ్చాక తెలుసుకోవలసిన విషయం కాదు.

లైసెన్సులు ఎప్పటికీ ఒకేలా ఉంటాయనుకోవద్దు. సర్వర్ల పనుల్లో వాడే ప్రోగ్రాములైన మోంగోడీబీ 2018లో, టెర్రాఫార్మ్ 2023లో, రెడిస్ 2024లో తమ లైసెన్సులను కఠినం చేశాయి. అలాంటి సందర్భాల్లో పాత వెర్షను పాత లైసెన్సు కిందనే ఉంటుంది, కొత్త షరతులు కొత్త వెర్షనుకు వర్తిస్తాయి. కనుక ఏదైనా వేసిన రోజున దాని వెర్షను సంఖ్యతోపాటు లైసెన్సు పాఠాన్ని కూడా దించి రిజిస్టరు ఉన్న ఫోల్డరులోనే పెట్టాలి, పెద్ద వెర్షను మారిన ప్రతిసారి ఆ పాఠాన్ని మళ్లీ చదివిన తర్వాతే నవీకరణకు అనుమతి ఇవ్వాలి. రిజిస్టరు బాధ్యతను కంప్యూటరు తెలిసిన వ్యక్తికంటే బిల్లులు భద్రపరిచే గుమాస్తాకు అప్పగించడం మెరుగు. వేసేది ఒకరు, రాసేది మరొకరు అయితే రాయకుండా ఏదీ కంప్యూటరులోకి చేరదు.